ఉన్ని చాలని చోటు

బిష్కెక్,
ఫిబ్రవరి, ఆదివారం

ప్రియమైన బురుల్ వదినకు,

ఆ తెల్ల తివాచీ నడుమ ఉన్ని పలచగా ఎందుకు వదిలేశారు?

ఎన్నో ఏళ్ళుగా అడగాలనుకుంటున్న మాట ఇది. ఉత్తరం చివరికి వాయిదా వేస్తే, ప్రతిసారీ చేసినట్టే చలి సంగతులూ దగ్గు సంగతులూ రాసి కవరు అంటించేస్తానని భయమేసి, పలకరింపు కన్నా ముందే రాసేశాను. తప్పుగా అనుకోకండి. ఇక పద్ధతిగా మొదలుపెడతాను. ఇక్కడ నేనూ షరీపా అక్కా బాగానే ఉన్నాం. అక్కడ మీరూ, అన్నయ్యా, ఈ చలిని తట్టుకుని మిగిలిన గొర్రెలూ క్షేమమని తలుస్తాను.

మీ ఉత్తరం వ్యాను డ్రైవరు మంగళవారమే తెచ్చి ఇచ్చాడు. ఎండు ఆప్రికాట్ల సంచి అందింది. ఉప్పు పెరుగు ఉండలు మాత్రం సగమే మిగిలాయి. అడిగితే, "మీ వదినే దారిలో నమలమంది" అన్నాడు. నిజమో అబద్ధమో మీరే తేల్చండి. ఫోనులో నా మాట వినపడక మీరు ప్రతిదానికీ "ఆఁ, ఆఁ" అంటుంటే చెప్పాల్సింది చెప్పకుండానే పెట్టేస్తాను. దానికన్నా ఈ కాగితాలే నయం.

మీరు అడిగినవాటికి జవాబులు. దగ్గు తగ్గలేదు, ఈ ఊళ్ళో బొగ్గు పొగ తగ్గితే కదా. ఉన్ని మేజోళ్ళు వేసుకుంటున్నాను, ఒట్టు. మన కళాకారుల మీద నేను రాస్తున్న పుస్తకం ఎవరు చదువుతారని అడిగారు. కళాశాల పిల్లలు పరీక్షకు ముందు తిరగేస్తారు. అందులో ఉన్న కళాకారులు తమ పేరున్న పేజీలు చూసుకుని, పక్కవాళ్ళకు ఎక్కువ ఇచ్చానని నాతో మాట్లాడటం మానేస్తారు. ఇంకెవరైనా చదువుతారేమో తెలియదు. "నా గురించి ఎందుకు, ఆ కుర్రాళ్ళ గురించి రాయి" అన్నారు. రాశాను వదినా. గొర్రెల మెడలకు కెమెరాలు కట్టి కొండ మీదికి వదిలినవాడి గురించి రాశాను. బజారులో సరుకులు మోసే చారల సంచులు విప్పి గుడారం కుట్టిన ఆమె గురించి రాశాను. వాళ్ళ పనిలో నచ్చనిది నచ్చలేదని రాయడానికి కూడా నా చేయి వెనకాడలేదు. మీ అధ్యాయం దగ్గరకు వచ్చేసరికి ఆగిపోయాను.

మీరు చేసిన ఆ తివాచీ గురించి ఇప్పటికే చాలామంది రాశారు. గోడకు ఆ చివర నుంచి ఈ చివర దాకా తెల్లటి ఉన్ని, నడుమ ఒక్కచోట సాలెగూడంత పలచన, వెనక దీపం పెడితే అక్కణ్ణుంచి వెలుగు కారుతుంది. జర్మనీ నుంచి వచ్చినాయన దాన్ని కరిగిపోతున్న మంచుకొండ అన్నాడు. మాస్కో ఆవిడ సమష్టి వ్యవసాయ క్షేత్రాలు మూతపడ్డాక ఖాళీ అయిన పచ్చిక బయళ్ళు అంది. మా ఆచార్యుడు స్త్రీల శ్రమ మీద పది పేజీలు రాశాడు. మీరు అందరికీ ఒకటే చెప్పారు: "చూసినవాళ్ళకు ఏది కనపడితే అదే." అది వినయమని అందరూ మెచ్చుకున్నారు. నాకు మాత్రం మెల్లగా తలుపు వేసిన చప్పుడు వినపడేది.

నాకు కనపడింది వేరు. ఆ పలచటి చోటు పొడవు, ఉయ్యాలలో గుడ్డలతో కట్టిపెట్టిన పసిబిడ్డ పొడవు. అదే ఒక పేరాగా రాశాను.

ఈ పుస్తకం బయటి దేశాలవాళ్ళ చేతికీ వెళుతుందని ముందుమాటలో ఇలా రాశాను: 'మా దగ్గర మొదటి బిడ్డను భర్త తల్లిదండ్రులు తమ బిడ్డగా పెంచుకుంటారు. ఆ బిడ్డ నానమ్మను అమ్మా అంటుంది. కన్నతండ్రి అన్నయ్య అవుతాడు, కన్నతల్లి వదిన అవుతుంది. ఇందులో ఎవరికీ అన్యాయం జరిగిందని ఎవరూ అనుకోరు.' ఆ ఆఖరి వాక్యం కొట్టేశాను, మళ్ళీ రాశాను, మళ్ళీ కొట్టేశాను.

నాకు అన్యాయం జరగలేదు వదినా. బత్మా అమ్మ నన్ను ఎలా పెంచిందో మీరు చూశారు. తన పక్కలోనే పడుకోబెట్టుకుంది, తన పళ్ళెంలో మెత్తటి మాంసం నాకే పెట్టింది. ఆమె పోయిన రోజు గుడారంలో, పద్ధతి ప్రకారం గోడవైపు తిరిగి కూర్చుని, కూతురిగా ఏడ్చింది నేను. ఆ ఏడుపులో ఒక్క చుక్క కూడా అప్పు తెచ్చుకున్నది కాదు.

కానీ మీరు బొమ్మల చదువు నుంచి సెలవులకు ఇంటికి వచ్చేవారు. పెద్దవాళ్ళ ఎదుట మీరు నన్ను ఎత్తుకోకూడదు, ముద్దు చేయకూడదు. అందరికీ టీ పోసే కోడలిగా చివర కూర్చునేవారు. మన దగ్గర టీ గిన్నె నిండా పోస్తే అతిథిని ఇక లేవమన్నట్టే కదా. నా గిన్నెలో అందరికన్నా తక్కువ, అడుగున గుక్కెడే పోసేవారు. తాగి మళ్ళీ చాచేదాన్ని. మళ్ళీ గుక్కెడే. "ఈ పిల్లకి ఇంత దాహమేమిటి!" అని అమ్మ విసుక్కునేది. నన్ను మాటిమాటికీ మీ దగ్గరకు రప్పించుకోవడానికే అలా పోసేవారని పెద్దయ్యాక నేనే అర్థం చెప్పుకున్నాను. లేక పాలు తక్కువై అలా పోశారేమో. చూశారా, కళా విమర్శ నేర్చుకోకముందు నుంచే నా పని ఇదే, మీ చేతుల వంక చూసి అర్థాలు వెతకడం.

పుస్తకం అచ్చువేస్తున్న ఎర్మెక్ నా కన్నా చిన్నవాడు, నోరు మాత్రం పెద్దది. ఆ అధ్యాయం చదివి బల్ల మీద పెట్టాడు.

"అక్కా, మిగతాదంతా నువ్వు రాశావు. ఈ పేరా ఎవరు రాశారు?"

"నేనే రాశాను."

"కాదు. ఇది ఎవరో ఆకలేసిన పిల్ల రాసింది. చదివి నాకూ కళ్ళు చెమ్మగిల్లాయి, అది వేరే సంగతి. ఇది ఉంచాలంటే కింద ఒక వాక్యం ఉండాలి, ఈమె నా కన్నతల్లి అని. లేకపోతే రేపు ఎవడో తవ్వి తీస్తాడు, వదిన పేరు చెప్పి అమ్మను పొగుడుకుందంటాడు."

"మా ఊళ్ళో అందరికీ తెలిసిందే కదయ్యా."

"తెలియడం వేరు, అచ్చులో ఉండటం వేరు. నన్ను పెంచిన మా నానమ్మ బతికుండగా నేనలాంటి మాట రాసుంటే నా వీపు మీద పేడ పార విరిగేది. మీ అమ్మ లేదు కాబట్టి నీకు వీపు భయం లేదు. మిగతా భయాలు నువ్వే చూసుకో. శుక్రవారం అచ్చుకి పంపాలి."

ఈలోగా తివాచీ ఫొటో కావాలి. గోడకు వేలాడుతున్న ఫొటోలు అందరూ వేసినవే. నేల మీద పరిచి, పైనుంచి తీయిద్దామనుకున్నాను. మీ పాత స్టూడియో తెరిపించి, ఊడ్పించి, పరిచాం. ఫొటో తీసేవాడు నిచ్చెన ఎక్కి కెమెరా సరిచేసుకుంటున్నాడు. అప్పుడు షరీపా అక్క వేడివేడి పిండి వేపుళ్ళ మూటతో వచ్చింది. ఆవిడ లెక్కకి నాకు మేనత్త, పిలుపుకి అక్క. వచ్చీ రాగానే బూట్లు విప్పి, తిన్నగా నడిచి వెళ్ళి తివాచీ మధ్యన కాళ్ళు మడిచి కూర్చుంది.

"అక్కా, లే! అది బొమ్మ!"

"బొమ్మేమిటే? తివాచీ. పరిచినదాని మీద కూర్చోకపోతే పరిచినవాళ్ళకే అవమానం. ఇదిగో నాయనా, నిచ్చెన దిగు, చల్లారక ముందే తిను."

ఆ అబ్బాయి నిజంగానే దిగాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అక్క పక్కకు చెయ్యి వేసి తడుముతూ, "ఇదా! ఇంకా దాచుకుందా వదిన!" అంది.

"నీకు తెలుసా ఇది?"

"తెలియకేం. ఎండాకాలం కొండ మీద చేశాం. ఉన్ని అతుక్కునేలా వేణ్ణీళ్ళు పోసీ పోసీ నా చేతులు బొబ్బలెక్కాయి. ఇక్కడ ఉన్ని చాల్లేదు. ఒక మూట తక్కువైంది."

"తక్కువెలా అయింది?"

"అమ్మ పట్టుకుపోయింది. నీ పరుపుకి. ముందు రోజే కదా నిన్ను అమ్మ గుడారంలోకి మార్చింది! వదిన ఎంత ఏడ్చిందో. ఉన్ని చాల్లేదనే ఏడుస్తోందనుకున్నాం అందరం. వచ్చే ఏడాది కత్తిరిస్తాంలే, ఊరుకో అని నేనే ఓదార్చాను." ఆ పలచటి చోట వేలితో మళ్ళీ తడిమింది. "ఏమో మరి. ఉన్ని కోసమే ఏడ్చిందో, మరి దేనికి ఏడ్చిందో. అప్పుడు నాకేం తెలుసు, పెళ్ళికాని పిల్లని."

మంచుకొండా, పచ్చిక బయళ్ళూ, స్త్రీల శ్రమా అన్నీ ఒక మూట ఉన్ని దగ్గర ఆగిపోయాయి. నా పేరా కూడా. మీ తివాచీలో లేని ఉన్ని మీదే నేను నా చిన్నతనమంతా నిద్రపోయాను.

వదినా, ఇప్పుడు రాసేది ఎర్మెక్‌కు కూడా చెప్పలేదు. అక్క టీ కాచడానికి లోపలికి వెళ్ళింది, ఫొటో అబ్బాయి సిగరెట్టుకని కిందికి దిగాడు. నేను బూట్లు విప్పి ఆ తివాచీ మీదికి వెళ్ళి, ఆ పలచటి చోట పడుకున్నాను. ప్రదర్శనలో దేన్నీ ముట్టుకోవద్దని పిల్లలకు పాఠం చెప్పే మనిషిని. నాకు సరిపోలేదు. మోకాళ్ళు గడ్డానికి ఆనించుకున్నా పాదాలు బయటే ఉన్నాయి. భుజాల కింద వెచ్చగా మందపు ఉన్ని, నడుము కింద ఏమీ లేనట్టు నేల చలి. తడిసి ఎండిన గొర్రె వాసన ఇంకా పోలేదు. మీ చేతుల వాసన ఎలా ఉంటుందో గుర్తు చేసుకుందామనుకుంటే, నాకు అది తెలియదని అప్పుడు తెలిసింది.

అక్క వచ్చి చూసింది. పళ్ళెం కింద పెట్టి, తన శాలువా తీసి నా మీద కప్పింది. కాసేపయ్యాక, "లే తల్లీ, ఆ అబ్బాయి వస్తున్నాడు" అంది.

మరుసటి ఏడాది గొర్రెలను మళ్ళీ కత్తిరించే ఉంటారు. ఉన్ని దొరికే ఉంటుంది. మీరు ఆ చోటు పూడ్చలేదు. అలాగే చుట్టి, గది మారినప్పుడల్లా మోసుకెళ్ళి, చివరికి దీపం పెట్టి జనానికి చూపించారు. విమర్శకురాలిగా అడిగితే ఇది రుజువు కాదంటాను. కళాకారులు ఎన్నో అలాగే వదిలేస్తారు, బాగుందని, బద్ధకమని, మరిచిపోయి. ఇంకోలా అడిగితే నా దగ్గర ఉన్నది ఆశ మాత్రమే. ఇంత వయసొచ్చినా.

మీరు నా కోసమే వదిలానని రాస్తే, ఆ మాట దాచుకుంటానో, అచ్చువేయించి ఊరందరికీ పంచుతానో చెప్పలేను. కాదని రాస్తే ఆ పేరా తీసేస్తానని కూడా మాట ఇవ్వలేను. పుస్తకంలో మిమ్మల్ని అమ్మ అని రాసిన చేత్తో బత్మా అమ్మను ఏమని రాయాలో నాకు తెలియదు. ఈ ఉత్తరం మీకు అందేసరికి శుక్రవారం దాటిపోతుందని తెలిసే పంపుతున్నాను. మీ జవాబు కోసం ఆగమని ఎర్మెక్‌ను అడగాలో వద్దో, అదీ ఇంకా తేల్చుకోలేదు.

ఇట్లు,
మీ ఆడపడుచు
ఐసులూ