గేటు దగ్గర ఆగిన లారీ

అన్నా,

ఈరోజు నీ సంవత్సరీకం. పూజారి వెళ్ళాక, నువ్వు బల్ల మీద కట్టిన మన ఊరి రోజ్ బెల్ రైలు స్టేషన్ బుల్లి నమూనా దుమ్ము దులిపి, పట్టాలు దాటే రోడ్డు మీద ఒక బొమ్మ లారీ పెట్టాను.

"నా బల్ల మీద లారీ కనిపిస్తే చెయ్యి విరగ్గొడతా" అన్నావు, నేను చక్కెర లారీ డ్రైవరుగా చేరిన రోజు. రైలు నడిపేవాడివి, రైలు మోసే చక్కెరను లారీలు లాక్కుంటున్నాయని నీ కోపం నీది. తర్వాత నాతో మాట్లాడనేలేదు. ఇప్పుడు ఊళ్ళో అసలు పట్టాలే పీకేశారన్నా.

ఈ లారీని సార్డీన్ చేపల డబ్బా రేకుతో చేశాను. మొదటిది నీ ఇంజను కంటే ఎత్తొచ్చిందని పారేశాను. దీన్ని నీ రైలు పెట్టెల పక్కన పెట్టి కొలిచి, చక్రాలకు చెరకు తోట ఎర్రమట్టి రుద్దాను.

జిగురు ఆరకముందే వదిన వచ్చింది. లారీని చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసింది. నేలకేసి కొడుతుందేమో అనుకున్నాను.

"గేటు తీసి ఉంచావేం?" అంది.

లారీని రోడ్డు మీద కాస్త వెనక్కి పెట్టి, నువ్వు అగ్గిపుల్లలతో చేసిన గేటు దించేసింది.

"ముందు ఆయన రైలు పోనీ."

నీ ఇంజనును నువ్వు తప్ప ఎవరూ ముట్టుకోకూడదని నీ రూలే కదా, మేమిద్దరం దాన్ని కదపలేదు.

లారీ ఇంకా అక్కడే ఆగి ఉందన్నా.