గొడుగు పట్టిన పుర్రె

రాజమహేంద్రవరం,
8 జూన్ 2009

ప్రియమైన అత్తయ్యకి,

దుర్గ నమస్కారాలు. నేను బాగున్నాను. నీ మోకాలు ఎలా ఉంది? ఫోన్ చేద్దామనుకున్నాను. ఫోన్లో నేను మాట్లాడేదానికన్నా నువ్వు "ఉన్నావా, పెట్టేశావా?" అని అడిగేదే ఎక్కువవుతుంది. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

ఒక సంగతి జరిగింది. మా లైబ్రరీకి ఉదయ్‌భాస్కర్ గారని ఒకాయన వస్తుంటారు. ఇక్కడి ఎఫ్.ఎం. రేడియోలో కార్యక్రమాలు చూసేది ఆయనే. మొన్న ఒక పత్రిక తిరిగిస్తూ, అందులో ఒక రాక్ బ్యాండు గురించి రాసినది చాలా బాగుందన్నారు. అందులో సగం తప్పులు. నోటితో చెప్పలేక చీటీ మీద రాసిచ్చాను. ఆయన చీటీని రెండుసార్లు చదివి, "ఏడెనిమిదేళ్ళ కిందటి రాక్ ఆల్బమ్‌లను గుర్తు చేసుకుంటూ ఆదివారం పొద్దున ఓ అరగంట చేస్తారా అండీ? ఆ టైముకి ప్రకటనలు ఎలాగూ రావు," అన్నారు. తల ఊపాను. ఆయన ఇంకా నా గొంతు వినలేదు.

మొదటి కార్యక్రమం ఈ నెల 28, ఆదివారం. వినేవాళ్ళకి నచ్చితే ప్రతి వారం నాకే ఇస్తారు. లేకపోతే ఆ ఒక్కరోజుతో సరి. అత్తయ్యా, నాకు ఇది చాలా కావాలి. ఎందుకని అడిగితే చెప్పలేను.

మీ ఇంట్లో నా మంచం కింద బిస్కెట్ల అట్టపెట్టెలో క్యాసెట్లు ఉన్నాయి. క్యాసెట్లు అక్కర్లేదు, పాటలు స్టేషన్లో ఉన్నాయి. వాటి బొమ్మల కవర్లు మాత్రం పంపు. వాటి వెనక స్కూల్లో ఉండగా నేను పెన్సిలుతో రాసుకున్నవి ఉన్నాయి. వాటిని చూసి చదివేస్తాను. అప్పుడు మాట్లాడక్కర్లేదు.

నీ మేనకోడలు,
సాయిదుర్గ

తా.క.: లైబ్రరీలో పుస్తకాల లెక్క జరుగుతోంది, సెలవు ఇవ్వరు. లేకపోతే నేనే వచ్చేదాన్ని. గొడుగు పట్టిన పుర్రె బొమ్మ మాత్రం మర్చిపోకు.

*

నరసాపురం,
12 జూన్ 2009

చిరంజీవి దుర్గకి అత్తయ్య రత్నమాణిక్యం ఆశీస్సులు.

ఉత్తరం అందింది. మోకాలు అలాగే ఉంది, నేనూ అలాగే ఉన్నాను. నీ తెలివికి ఎంత మురిసిపోయానో చెప్పలేను. ఎవరో సారు బొమ్మలు అడిగారు. ముందు ఒకసారి చూస్తామన్నారు, నచ్చితే ప్రతి వారం అన్నారు. ఈ ఊళ్ళో ముప్పై ఏళ్ళ నుంచి లేసు పని చేయిస్తున్నదాన్ని, ఆ మాత్రం తెలీదా? అది ఆర్డరు కాక మరేంటే! కొత్త మోడలు బయటికి పొక్కితే పక్క వీధి జీవరాజు తెల్లారేసరికి అదే మోడలు తన మనుషులకి ఇచ్చేస్తాడు. పోస్టాఫీసు అరుగు మీదే అతని కాపురం. ఎవరి ఉత్తరం ఎక్కడి నుంచో అన్నీ అతనికి కావాలి. అందుకని నువ్వు "రేడియో" అని రాశావు. నోరు విప్పని పిల్ల రేడియోలో మాట్లాడుతుందంటే ఎవరు నమ్ముతారు? మంచి ఎత్తు వేశావు.

బొమ్మలన్నీ పంచేశాను. గొడుగు పుర్రె ప్రసన్నకుమారి తీసుకుంది. "దీనికి కళ్ళు తేలికే, వదినా. రెండు చోట్ల కుట్టకుండా వదిలేస్తే చాలు," అంటోంది. కాలిపోతున్న కుర్చీ రామతులసికిచ్చాను. టీవీ మీద కూచున్న కాకి నేనే చేస్తున్నాను. ముళ్ళతీగ చుట్టిన గుడ్డు ఎవరూ ముట్టుకోలేదు, అశుభమట. మొగల్తూరు పంపాను. అక్కడివాళ్ళకి అలాంటి పట్టింపులు లేవు.

ఇట్లు,
మీ అత్తయ్య

తా.క.: కాకికి నల్లదారం వాడమంటావా, తెలుపేనా? సారుని అడిగి రాయి. ఆయన్ని కూడా "రేడియో సారు" అనే రాయి, బాగుంది.

*

రాజమహేంద్రవరం,
16 జూన్ 2009

అత్తయ్యకి నమస్కారాలు.

అది ఆర్డరు కాదు. నిజంగా రేడియో. దయచేసి ఎవరికీ ఏమీ కుట్టమని చెప్పకు, నా కాగితాలు నాకు పంపించెయ్యి.

నిన్న ఫోన్ చేశాను. నేను "అత్తయ్యా" అనేలోపే "జీవరాజు వీధరుగు మీదే ఉన్నాడు, అందరం కులాసా" అని పెట్టేశావు.

ఆ పాటలు నాకేంటో నీకు ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు. రాస్తే చెప్పగలనేమో. కాన్వెంట్లో ఎలొక్యూషన్ పోటీ రోజు నేను కాగితం మొహానికి అడ్డం పెట్టుకుని చదివాను. సిస్టర్ "మేము వచ్చింది కాగితాన్ని చూడడానికా?" అన్నారు. అందరూ నవ్వారు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి తలుపేసుకుని ఒక క్యాసెట్ పెట్టాను. అందులో ఎవడో ఒక కుర్రాడు గొంతు చిరిగేలా అరిచాడు. వాడిది ఏ దేశమో, ఏమంటున్నాడో సగం అర్థం కాలేదు. కానీ నేను అనాల్సింది వాడు అనేశాడనిపించింది. ఆ రెండు మూడేళ్ళూ అలాగే గడిచాయి. నా బదులు వాళ్ళు అరిచేవాళ్ళు, నేను హోమ్‌వర్కు చేసుకునేదాన్ని.

ఇప్పుడు వాటి గురించి నాలుగు మాటలు చెప్పాలంటే ఆ రాతలు నా చేతిలో ఉండాలి. లేకపోతే స్టేషన్లో ఆ గాజు గదిలో, మైకు ముందు నేను కూర్చోలేను.

నీ
దుర్గ

తా.క.: కాకికి తెలుపు వద్దు. అంటే, ఏ దారమూ వద్దు.

*

నరసాపురం,
22 జూన్ 2009

చిరంజీవి దుర్గకి దీవెనలు.

తెలుపు వద్దన్నావు కాబట్టి నల్లదారం వాడాను. తీరా చూస్తే కాకి బతికొచ్చినట్టే ఉంది, చంద్రరావు బాబాయి చూసి తోలడానికి చెయ్యి విదిలించాడు.

ఉత్తరం జీవరాజు కంటపడినా ఏమీ తెలియకుండా చాలా బాగా రాశావు. సిస్టర్ సంగతీ అదీ చదివి నాకే కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. నేను కూడా నీలాగే జాగ్రత్తగా రాస్తాను. చిత్తగించు. "రేడియో" కోసం ఆరు "పాటలు" తయారయ్యాయి. ఏడో "పాట"కి అంచు మాత్రం మిగిలింది.

బొమ్మలో కొన్ని చోట్ల ఏముందో అర్థం కాక, పాట వింటే తెలుస్తుందేమోనని నీ టేపురికార్డరు తీసి క్యాసెట్లు పెట్టాం. గొడుగు పుర్రె కుర్రాళ్ళు మొదటి వైపు ప్రాణం పెట్టి పాడారు. రెండో వైపుకొచ్చేసరికి భోంచేసి కూచున్నట్టున్నారు. కుర్చీ వాళ్ళకి కోపమెక్కువ, కారణం తక్కువ. రామతులసి అంటుంది, "ఇంట్లో పెద్దవాళ్ళు లేరేమో వదినా, ఎవరూ ఏమీ అడగట్లేదు వీళ్ళని." కాకి వాళ్ళు మాత్రం మంచి పిల్లలు. ఆఖరి పాటలో అరవడం ఆపేసి, మెల్లగా ఏదో అడుగుతారు. ఆ పాటకి అందరి చేతులూ నెమ్మదించాయి.

సరుకు 27న బస్సు పార్సెల్లో వేస్తాను.

మీ అత్తయ్య

తా.క.: చప్పుడు విని జీవరాజు గోడ మీంచి తొంగిచూసి, "ఏంటండీ మాణిక్యం గారూ, మోటారేమన్నా పాడైందా?" అని అడిగాడు. అవునన్నాను.

*

రాజమహేంద్రవరం,
4 జూలై 2009

అత్తయ్యకి,

పోయిన శనివారం సాయంత్రం పార్సెల్ విప్పాను. కవర్లు ఉంటాయేమోనని అడుగు దాకా వెతికాను. ఏడు లేసు ముక్కలు తప్ప ఏమీ లేవు. చాలా కోపం వచ్చింది. నువ్వు నా మాట ఒక్కసారైనా నమ్మలేదు. నేను మాట్లాడలేననుకున్నావు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది, ఎందుకంటే నేనూ అదే అనుకున్నాను.

ఆదివారం గాజు గదిలో కూర్చున్నాను. ఎర్రలైటు వెలిగింది. రాత్రి గుర్తున్నంత మట్టుకు రాసుకున్న కాగితం చేతిచెమటకి తడిసి, ఇంకు పాకిపోయింది. అవతల ఉదయ్‌భాస్కర్ గారు చేతులు ఊపుతున్నారు. సంచీలో రుమాలు కోసం చెయ్యి పెడితే, రాత్రి అందులో కుక్కేసిన లేసు పుర్రె చేతికొచ్చింది.

నాకు నవ్వొచ్చింది. మైకులో మొదట వెళ్ళింది నా నవ్వే. తర్వాత, "నా చేతిలో గొడుగు పట్టిన పుర్రె ఉందండి. దీన్ని నరసాపురంలో ప్రసన్నకుమారి గారు లేసుతో కుట్టారు," అన్నాను. ఇక ఆపలేదు. సిస్టర్ గురించి చెప్పాను, తలుపు గురించి చెప్పాను. కుర్చీ వాళ్ళ గురించి మీ అభిప్రాయం చెప్పి, పాట వేసి, "మీరే చెప్పండి," అన్నాను. పదిహేనేళ్ళప్పుడు నాకు కోపంలా వినిపించింది ఇప్పుడు భయంలా వినిపిస్తోందని చెప్పాను. అలా అరిచినప్పుడు వాళ్ళకి ఇరవై, ఇరవై రెండు ఉంటాయేమో. ఇప్పుడు నేను వాళ్ళకన్నా పెద్దదాన్ని. "వాళ్ళు ఎదురైతే అన్నం తిన్నారా అని అడుగుతాను," అన్నాను. ఇది రాసుకున్న మాట కాదు. అది నాలో ఉందని కూడా నాకు తెలీదు.

స్టేషన్‌కి ఉత్తరాలొచ్చాయి. సగం మందికి పాటలు నచ్చలేదట, అయినా వచ్చే వారం వింటారట. ప్రతి ఆదివారం నాదేనని ఉదయ్‌భాస్కర్ గారు నిన్న చెప్పారు. థాంక్యూ అని పైకే అన్నాను. ఆయన ఇంకా తేరుకోలేదు.

కోపం పోయింది. కానీ ఇప్పటికైనా నమ్ము. ఆర్డరు లేదు, రేడియోనే.

నీ దుర్గ

తా.క.: ఉదయ్‌భాస్కర్ గారి భార్య కాకిని అడిగారు. వాళ్ళ టీవీ మీద వేసుకుంటారట. కాబట్టి, ఒక ఆర్డరు ఉంది.

*

నరసాపురం,
8 జూలై 2009

నా బంగారు దుర్గకి, అత్తయ్య.

ఇంక దాచను. అది రేడియో అని నీ మొదటి ఉత్తరంలోనే నమ్మాను.

నీకు అబద్ధం రాయడం కూడా రాదే పిచ్చిదానా. "నాకు ఇది చాలా కావాలి" అని రాశావు. మా ఇంట్లో నువ్వు పెరిగినన్నాళ్ళూ ఫలానాది కావాలని ఒక్కసారి అనలేదు. చారులో ఉప్పు లేకపోయినా అడగకుండా తినేదానివి. ఆ మాట చదివి పోస్టుమాన్ ముందే కూలబడ్డాను. వెంటనే కవర్లు పంపేద్దామని పెట్టె లాగాను. వెనక నీ పెన్సిలు రాతలు చూశాను. అప్పుడు ఆగాను. ఇవి పంపితే నువ్వు చదివేస్తావు. గబగబా, తలొంచుకుని, కాగితానికి చెప్పేసి వచ్చేస్తావు. ఇవతల వినేవాళ్ళకి ఏమీ చెప్పవు. ఆ ఆదివారంతో అయిపోయేది.

పంపనంటే ఏడుస్తావు. అందుకని ఏమీ అర్థం కానట్టు వెర్రిదాన్నయ్యాను. పాపం జీవరాజుకి కళ్ళజోడు లేకపోతే తన పేరే కనపడదు, ఇక ఊళ్ళోవాళ్ళ ఉత్తరాలేం చూస్తాడు. ఉత్త చేతులతో నిన్ను ఆ గదిలోకి పంపడానికి మాత్రం మనసొప్పలేదు. చేతులకి ఏదో ఒకటి ఉండాలి. లేసు మీద చదవడానికి అక్షరాలుండవు కదా.

ఆదివారం మేమంతా పాలకొల్లు వెళ్ళాం. ఇక్కడ ఆ స్టేషన్ పలకదు. అక్కడ చంద్రరావు బాబాయి డాబా పిట్టగోడ మీద రేడియో పెడితే పలికింది. పని కూడా పట్టుకెళ్ళాం. ముందు నువ్వేమీ మాట్లాడలేదు. అందరూ సూదులు ఆపేశారు. "వదినా, పంపాల్సింది ఆ కాగితాలే," అంది ప్రసన్నకుమారి. తప్పు చేశాను, పిల్లని నేనే ముంచానని దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను. అప్పుడు నవ్వావు.

అరగంట ఎవరూ ఒక్క కుట్టు వెయ్యలేదు. రామతులసి తన అభిప్రాయం రేడియోలో వచ్చిందని ఇంకా నేల మీద నడవట్లేదు.

నీ కవర్లు ఈ ఉత్తరంతో పంపుతున్నాను. నలగలేదు, చూసుకో. ఇక వాటిని దగ్గర పెట్టుకున్నా నాకు భయం లేదు.

నీ
అత్తయ్య

తా.క.: క్యాసెట్లు మాత్రం అడక్కు. భోజనాలయ్యాక పనిలో కూచుంటే ప్రసన్నకుమారి ముందు కుర్చీ వాళ్ళని పెట్టమంటుంది.