గింజల డబ్బా ఎవరి చేతికి

అన్నయ్యా, నువ్వు నా కాఫీ గింజల్ని ఫ్రిజ్‌లో పెట్టావు. చేపల పక్కన. నన్ను అడగకుండా. నేను పరీక్షల కోసం ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ రోజూ డబ్బా బయటికి తీశావు, మూత తెరిచావు, మళ్లీ లోపలికి తోశావు. చల్లటి గింజకి చెమట పట్టింది. ఆ చెమటకి చేపల కంపు పట్టింది. ఇంటికొచ్చి ఆ గింజలతోనే కాఫీ కలిపి ఇస్తే అమ్మమ్మ వాసన చూసి కప్పు పక్కకి నెట్టేసింది. "ఎవరమ్మా నువ్వు?" అంది. నన్ను!

పేర్లూ ముఖాలూ మరిచిపోయిన మనిషికి మిగిలిన గుర్తు ఆ వాసనొక్కటే. నేను కాఫీ మర తిప్పగానే "మిరియం వచ్చిందా?" అని అడిగేది. దాన్నీ చెడగొట్టి, పైగా "ఫ్రిజ్‌లో పెడితే ఏదైనా తాజాగానే ఉంటుందే, నీదంతా చాదస్తం" అన్నావు. అందుకే ఈ వీలునామా.

కాఫీ గింజలు వేయించే షెడ్డులో పనిచేసే నీ చెల్లెలు మిరియం అనే నేను, వచ్చే శుక్రవారం గుండె ఆపరేషన్‌కి వెళ్తూ, ఎవరి బలవంతమూ లేకుండా, స్వహస్తాలతో దీన్ని రాస్తున్నాను. చట్టం మాటలు లైబ్రరీలో చదివి నేర్చుకున్నవి. నా మతి నిలకడగానే ఉంది. కోపం కూడా ఉంది. అది వేరే సంగతి.

1. నా చేతిమర నా తదనంతరం వదినకి చెందవలెను. నీ నోటి నుంచి తప్పయిందన్న మాట ఊడిపడలేదు గానీ, ఆవిడ ఆ డబ్బాని తోమి, ఎండబెట్టి, "కంపు పోయిందా చూడవే" అని నా ముక్కు దగ్గర పెట్టింది. క్షమాపణ అంటే అదీ.

2. స్టీలు డబ్బా అమ్మమ్మకి రోజూ కాఫీ కలిపేవాళ్లది. షరతులు: పొయ్యి పక్కన పెట్టరాదు. గింజల్ని గాజు సీసాలో పోసి కిటికీలో బొమ్మలా నిలబెట్టరాదు. గాలి, వెలుతురు, వేడి, తేమ, నాలుగూ గింజకి దొంగలే. కొంచెం కొంచెంగా తెచ్చుకోవలెను. తాగే పూటకే మర తిప్పవలెను. ముందే పొడి చేసి దాచడమంటే పొయ్యి ఆర్పేసి సెగ దాచుకోవడమే.

3. మెట్ల కింది అర చల్లగా, చీకటిగా, పొడిగా ఉంటుంది. ఈ ఇంట్లో అమ్మ నాకిచ్చిన వాటాలోది. అమ్మమ్మ ఉన్నంతకాలం అది ఆ డబ్బాకే. అందులో పడేసిన నీ చెడిపోయిన ఫ్యాన్లు ఏ గంగలో కలుపుకుంటావో నీ ఇష్టం.

4. నా జల్లెడ షెడ్డు మేస్త్రీకి. చేరిన రోజే "గింజ మాడిస్తే నిన్నూ మాడుస్తా" అన్నాడు. వేగే గింజ చిటపటలు విని ఎప్పుడు దించాలో తెలుసుకోవడం నేర్పిందీ ఆయనే. ఆ తిట్టు కూడా తిరిగి ఇచ్చేస్తున్నాను, వేరేవాళ్ల మీద వాడుకోమను.

5. నీకు: ఫ్రిజ్‌లో నా వాటా. చేపలతో సహా. ఇంకా, చిన్నప్పుడు వానలో నాకు కప్పి నువ్వు తడిసిన రెయిన్‌కోటు నా పెట్టెలో ఉంది. ఇవ్వాలని లేదు. కానీ నీదే.

6. అమ్మమ్మ ఆస్తి కాదు, ఎవరికీ రాయలేను. నేను తిరిగి రాకపోతే ఆవిడ దగ్గర పొద్దున్నే మర తిప్పేదెవరు? నా భయం అదొక్కటే. ఈ వీలునామా అమలు బాధ్యత పక్కింటి టైలరక్కది.

ఇక నా డిమాండు. గురువారం పొద్దున నువ్వే, వదిన కాదు, షెడ్డు నుంచి కొత్త గింజలు తెచ్చి అమ్మమ్మ ముందు కూర్చుని మర తిప్పాలి. ఆవిడ ఏమందో సాయంత్రం ఆరు లోపల ఆసుపత్రికొచ్చి నాకు చెప్పాలి. "సరే, చూద్దాంలే" అనేది జవాబు కాదు. రాకపోతే రెండో క్లాజులోని డబ్బా, మూడో క్లాజులోని అర తాళం టైలరక్కవి. అమ్మమ్మకి కాఫీ కలపడానికి రోజూ తెల్లారగానే ఆవిడే మన గడప తొక్కుతుంది, నువ్వు నోరు మూసుకుని దారి ఇవ్వాలి.

"మిరియం వచ్చిందా?" అని అమ్మమ్మ అడిగితే వచ్చిందని చెప్పు. నేనున్నా, లేకపోయినా.

తేదీ: మార్చి 9, ఆదివారం
సంతకం: మిరియం
సాక్షులు: 1. షెడ్డు మేస్త్రీ 2. వదిన (చదివే సంతకం పెట్టింది)