నేనే వండిన కుర్మా

మార్చి 8, శనివారం

కొడుకు అనీష్‌ని ఎమర్జెన్సీ నుంచి ఇంటికి తీసుకొచ్చేశామని నమ్రత మెసేజ్ పెట్టింది. ఆరేళ్ల పసివాడు. దేవుడా, నీకో దండం.

మధ్యాహ్నం వాళ్లింట్లో పాట్‌లక్, తలా ఒక వంటకం తేవాలి. ఆఫీస్ పనితో వండడం కుదరక, కేటరింగ్ చేసే లీలావతి ఆంటీ దగ్గర కుర్మా తెప్పించుకున్నాను. నా గిన్నెలోకి మార్చి పైన కొత్తిమీర చల్లాను. అందరూ చేసేదేగా! భలే చేశావంటుంటే మురిసిపోయాను కూడా. వాడికి నట్ అలర్జీ కదా, జీడిపప్పు వేశావా అని నమ్రత అడిగింది. పక్కా లేదు, నేనేగా వండింది అన్నాను. రెండు ముద్దలకే వాడి పెదాలు వాచిపోయాయి. నమ్రత వాడి తొడకి ఎపిపెన్ ఇంజెక్షన్ పొడుస్తుంటే గోడకి ఆనుకుని చూస్తూ నిలబడ్డాను.

మార్చి 9

లీలావతి ఆంటీకి ఫోన్ చేశాను. జీడిపప్పు నూరి వేయకపోతే కుర్మాకి ఆ చిక్కదనం ఎక్కణ్ణుంచి వస్తుందమ్మా అని నవ్వింది. ముందే చెబితే వేరేగా చేసిచ్చేదాన్ని కదా అంది.

మార్చి 10

వాట్సాప్ గ్రూప్ తీర్పు చెప్పేసింది. ఉమామహేశ్వరి గారి జీడిపప్పు పులావ్ గరిటె నా కుర్మాలో పడిందట. పాపం ఆవిడ సారీ మీద సారీ. నేను దండం ఎమోజీ పెట్టాను. ఛీ, నా బతుకు.

మార్చి 16, ఆదివారం

మా అమ్మాయిని తెలుగు క్లాస్‌కి తీసుకెళ్లి వెనక కూర్చున్నాను. ధర్మారావు అంకుల్ ఇవాళ "పక్కా" గురించి చెప్పారు. హిందీ నుంచి మనకొచ్చిందట. మూలం సంస్కృతంలో పక్వం. వండినది, పండినది. కాల్చిన ఇటుకతో కట్టింది పక్కా ఇల్లు. వండనిది కచ్చా. బాగా ఉడికిందని చూసుకున్నాకే ఆ మాట అనాలర్రా అన్నారు. పిల్లల్ని తలా ఒక వాక్యం చెప్పమన్నారు. అనీష్ లేచి, అమ్మ పక్కా అంటేనే నేను తింటా అన్నాడు. ఫోన్ వచ్చినట్టు బయటికి వచ్చేశాను.

మార్చి 22

రఘు వాళ్లింట్లో గెట్ టుగెదర్. ఉమామహేశ్వరి గారు పేపర్ ప్లేట్లు తెచ్చారు. మా అరోరా ఊరు మొత్తం మీద ఆవిడ చేతి వంటకి తిరుగులేదు, అలాంటిది పేపర్ ప్లేట్లు! నా చెయ్యంటే నాకే భయమేస్తోందమ్మా అన్నారు నాతో. నాతోనే! నేను ఆ ప్లేట్‌లోనే పెట్టుకుని తిన్నాను.

మార్చి 23

నమ్రతకి చెప్పేశాను. తిట్టలేదు. తిడితే బావుండేది.

ఉమామహేశ్వరి గారికి చెప్పావా అంది. ఇప్పుడే వెళ్తున్నా అన్నాను.

పక్కానా అంది.

వెళ్లి కార్ స్టార్ట్ చేశాను.