అమ్మకు రెండు కళ్ళు

సుభాష్‌పల్లి, ఖరగ్‌పూర్
నవంబరు 1991

చెల్లీ దేవమణీ,

ప్రభువు నిన్ను చల్లగా చూడాలి.

పోయిన క్రిస్మస్‌కి నువ్వు రాలేదు. గోల్‌బజార్ నుంచి వీడియో అద్దెకు తెచ్చి, మన వీధిలో నవ్వుల సినిమా వేశారు. అందులో అక్కాచెల్లెళ్ళు జుట్లు పట్టుకుంటే వాళ్ళమ్మ, "మీరిద్దరూ నాకు రెండు కళ్ళు" అంటుంది.

"మరి నాను ఏ కన్నమ్మా?" అని నవ్వుతూ అడిగాను.

అమ్మ కన్ను తుడుచుకుంది. "నువ్వా? ఇదిగో, ఈ పువ్వేసిన కన్ను. సూపున్నది దేవమణే" అంది. జనం సినిమాకన్నా దానికే ఎక్కువ నవ్వారు.

ఇప్పుడు ఆ చూపున్న కంటికీ శుక్లం కమ్మింది. ఆపరేషన్ చేస్తే మళ్ళీ కనిపిస్తుందట. దగ్గరున్న బిడ్డగా సంతకం నేనే పెట్టాలట. తొందరేముంది?

నువ్వు సెలవు పెట్టి రానక్కర్లేదు. వచ్చినా కనబడవు. ఇన్నాళ్ళకు అమ్మకు మనిద్దరం సమానమయ్యాం.

అక్క