రంగు పట్టాలె

చిట్టీ, నా పెద్దబిడ్డా,

నీ చెల్లె లతకు కూడా రొమ్ములో గడ్డ తీశారు. నిన్ను తీసుకుపోయిన రోగమే. ఆ గడ్డ ముక్కకు రంగు వేసి చూస్తామని నిజామాబాద్ డాక్టరమ్మ చెప్పింది. రోగం సన్న నరాల్లోకి దూరిందో లేదో అందులో తెలుస్తుందట.

రంగు పట్టొద్దని నేను ఎల్లమ్మకు మొక్కుకున్నాను. బోధన్ బస్సులో ఆ మాట చెబితే లత నవ్వింది.

"పిచ్చి అవ్వా, రంగు పడితేనే నరం కనవడ్తది. దాని లోపట రోగం ఉండొద్దని మొక్కాలె."

తప్పు మొక్కు మొక్కాను. పొద్దున లత చెప్పినట్టు మళ్ళీ మొక్కాను. ఎల్లమ్మ ఏ మొక్కు వింటుందో?

రేపే రిపోర్టు. ఇవాళ పెత్రమాస, పోయినోళ్ళకు పెట్టుకునే అమావాస్య. నీ పేర వేసిన ఇస్తరాకులో మక్క గారెలు పెట్టాను. లత ముట్టలేదు, నవ్వడమూ మానింది. నువ్వన్నా కడుపునిండా తిను బిడ్డా.