చెరువు గట్టు నిప్పు

మంగా,

నువ్వు పోయి ఏడాదయింది. మీ కొండకు వెళ్ళొచ్చాను.

తప్పిపోయిన గేదెను వెతుకుతూ ఎవరో కొండెక్కి, చెరువు చూసి, గట్టున మొదటి పొయ్యి వెలిగించాడు. ఆ నిప్పు తీసుకెళ్ళి మిగతావాళ్ళు ఇళ్ళు పెట్టుకున్నారు. మీ గూడెం చరిత్ర అదే. ఎవరి నిప్పు ఎవరింటికి వెళ్ళిందో మీ పెద్దమ్మ ఏటా అందరి ముందూ చెబుతుంది. పెళ్ళయ్యాక నువ్వు కుండలో నిప్పు తెచ్చావు కాబట్టి, ఆ వరసలో చివరిది యానాం ఫరంపేటలోని మన ఇల్లు.

ఈసారి వరస చెబుతూ ఆవిడ అక్కడికొచ్చి ఆగింది.

"అల్లుడా, యానాం పొయ్యి ఎలుగుతోందా?"

"ఆరిపోయింది అత్తా. గ్యాసు మీద టీ కాచుకుంటున్నాను."

"అయితే ఆ ఇల్లు ఇంక చెప్పను."

"నిప్పు మళ్ళీ పట్టుకెళ్తాను."

"టీ నీళ్ళకి నిప్పెందుకయ్యా? అన్నం వండుతానను, ఇత్తాను."

వండుతానన్నాను.

బూడిద కప్పిన కుండ ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కాను.

"పీతలా మాస్టారూ?" అన్నాడు కండక్టరు.

"నిప్పయ్యా."

"ఓర్నాయనో! బస్సు తగలెట్టేత్తారేంటండీ బాబూ?" అని నన్ను తలుపు పక్క సీటుకు మార్చాడు.

ఈ ఉత్తరం రాస్తూ మాటిమాటికీ లేచి పొయ్యి చూసొస్తున్నాను. ఊదితే పొగ, ఊదకపోతే భయం. ఎసరు ఎంత పెట్టాలో నువ్వెప్పుడూ చెప్పలేదు. పక్కింటివాళ్ళను అడుగుదామంటే పొయ్యి వదిలి వెళ్ళలేను. మాడు వాసన వస్తోంది, ఆగు.

అన్నం అడుగంటింది. పైపైన మెతుకులు తిన్నాను. రేపటికని నిప్పు మీద బూడిద కప్పాను.